మోక్షగుండం నుంచి మొకామా దాకా: విశ్వేశ్వరయ్య గారు మనకు వదిలిన ఆస్తి ఏమిటి?



సెప్టెంబరు 15, ఇంజనీర్ల దినోత్సవం, దగ్గరపడుతుంటే మన గ్రూపుల్లో రెండు రకాల పోస్టులు తిరుగుతాయి. ఒకటి కొవ్వొత్తి కథ, రైలు పట్టాల కథ లాంటివి. ఆఫీసు కొవ్వొత్తి ఆర్పి సొంత కొవ్వొత్తి వెలిగించారనీ, రైలు శబ్దం విని ముందు పట్టా విరిగిందని చెప్పారనీ. రెండోది "విశ్వేశ్వరయ్య గారు మావారు" అనే వాదం. మనం మోక్షగుండం పేరు చెబుతాం, కన్నడ మిత్రులు ముద్దేనహళ్ళి పేరు చెబుతారు. ఇరవై కామెంట్లయ్యాక ఎవరో ఒకరు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోతారు.

కథలు చదివి సంతోషించడంలో తప్పు లేదు. కానీ వాటిలో ఆయన చేసిన పని కనపడదు. వాదంలో అంతకన్నా కనపడదు. కాబట్టి ఈసారి ఆయన పని గురించే రాస్తున్నాను. కాస్త పెద్ద వ్యాసం, ఓపికగా చదవండి.

ముందు ఆ "ఎవరివారు" సంగతి రెండు మాటల్లో తేల్చేద్దాం. వాళ్ళ పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం. ఇంటిపేరుగా ఊరి పేరు మిగిలింది. కుటుంబం తరాల క్రితమే మైసూరు రాజ్యానికి వచ్చి చిక్కబళ్ళాపురం దగ్గర ముద్దేనహళ్ళిలో స్థిరపడింది. ఆయన అక్కడే 1861లో పుట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం. ఇది మనకు కొత్త కథేమీ కాదు. బెంగళూరు, కోలారు, హోసూరు, బళ్ళారి వైపు మనలో సగం ఇళ్ళ కథ ఇదే. రెండూ నిజమే అయినప్పుడు ఒకటి నిలబెట్టడానికి రెండోదాన్ని కొట్టేయాల్సిన పని లేదు.

బొంబాయి ఉద్యోగం: నీళ్ళ లెక్క నేర్చుకున్న చోటు

చిన్నతనంలోనే తండ్రి శ్రీనివాస శాస్త్రి గారు పోయారు. బెంగళూరులో మేనమామ అండతో, పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ సెంట్రల్ కాలేజీలో బి.ఎ. చదివారు. మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పూనా సైన్స్ కాలేజీలో ఇంజనీరింగు చదివి, 1883లో మొదటి ర్యాంకుతో బయటికొచ్చారు. మరుసటి ఏడాది బొంబాయి ప్రభుత్వ పబ్లిక్ వర్క్స్‌లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. నాసిక్, ఖాందేశ్, పూనా. మన మహారాష్ట్ర సభ్యులకు తెలిసిన ఊళ్ళే అన్నీ.

ఇరవై ఏళ్ళకు పైగా సాగిన ఆ ఉద్యోగంలో మూడు పనులు చెబుతాను. ఆయన తీరు అర్థమవుతుంది.

మొదటిది సింధులోని సుక్కూరు. ఊరికి సింధునది నీళ్ళు ఇవ్వాలి. నది నిండా బురద. ఆ నీటిని వడకట్టే ఫిల్టర్లు కట్టాలంటే మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఆయన నది గర్భంలోనే బావి తవ్వించారు. ఇసుకలోంచి ఊరి వచ్చిన నీరు దానంతట అదే తేటపడింది. ఆ తేటనీటినే పైకి తోడించారు. డబ్బు లేదని పని ఆపలేదు. ఉన్న డబ్బుకు సరిపోయే ఉపాయం నదిలోనే వెతికారు.

రెండోది పూనా దగ్గర ఖడక్వాస్లా. వర్షాకాలంలో చెరువు నిండాక మిగులు నీరంతా కలుజు మీద నుంచి వృథాగా పోతోంది. కట్ట ఎత్తు పెంచితే ఖర్చు, ప్రమాదం రెండూ ఎక్కువ. కలుజు మీద తనంతట తానే పనిచేసే గేట్లు పెట్టించారు. నీరు ఒక మట్టం దాటితే గేటు తెరుచుకుంటుంది, మట్టం తగ్గగానే మూసుకుంటుంది. అర్ధరాత్రి వరద వస్తే గేటెత్తే మనిషి మేలుకుని ఉండాలన్న బెంగ లేదు. దీనికి ఆయన పేరు మీద పేటెంటు ఉంది. 1903లో ఖడక్వాస్లాలో అమర్చారు. అలాంటివే తర్వాత గ్వాలియరు దగ్గర తిగ్రాలోనూ, మన కృష్ణరాజసాగరంలోనూ వచ్చాయి.

మూడోది నీరా కాలువ. దీన్ని గురించి ఎవరూ ఫార్వర్డు చేయరు. నా లెక్కలో అన్నిటికన్నా పెద్దది ఇదే. కాలువ మొదట్లో ఉన్న ఊళ్ళు చెరకు వేసి నీళ్ళన్నీ తాగేస్తున్నాయి. చివరి ఊళ్ళకు చుక్క అందదు. ఎక్కువ తడిపిన చోట భూమి చవుడు పట్టడం, దోమలు, జ్వరాలు. ఆయన 1899లో "బ్లాకు పద్ధతి" పెట్టించారు. ఊరి భూమిని బ్లాకులుగా విడగొట్టి, చెరకూ మిగతా పైర్లూ ఒకదాని తర్వాత ఒకటి వంతుల వారీగా వేసుకోవాలి. నీరు ఎవరికి ఎప్పుడు ఎంత అన్నది ముందే కాగితం మీద ఉంటుంది. రైతులు మొదట్లో ఒప్పుకోలేదు. ఊరూరా కూర్చుని మాట్లాడాల్సి వచ్చింది. ఇందులో రాయి లేదు, సున్నం లేదు, ఫొటో తీసుకోవడానికి ఏమీ లేదు. కానీ ఆ కాలువలోని నీళ్ళే ఎక్కువ ఊళ్ళకు అందాయి.

కట్టడం వేరు, కట్టినదాన్ని పంచడం వేరు అన్న సంగతి ఆయనకు అక్కడే బోధపడింది.

పనిమంతుడని సీనియర్లను దాటించి పదోన్నతులిచ్చారు. అయినా ఆ రోజుల్లో బొంబాయిలో భారతీయుడికి చీఫ్ ఇంజనీరు కుర్చీ దక్కే ఆశ లేదు. 1908లో తానే పదవీ విరమణ కోరుకుని విదేశ యాత్రకు వెళ్ళారు.

హైదరాబాదు: వరద వచ్చాక వచ్చిన పిలుపు

అదే ఏడాది సెప్టెంబరు 28న మూసీ పొంగింది. హైదరాబాదులో వేల ప్రాణాలు పోయాయి. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి జనం ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్య గారిని పిలిచింది. 1909లో వచ్చారు.

వచ్చీరాగానే గోడలు కట్టమనలేదు. ముందు వాన లెక్క తీశారు. ఎక్కడ ఎన్ని గంటల్లో ఎన్ని అంగుళాలు కురిసింది, ఏ వాగు ఎంత తెచ్చింది, ఏ చెరువు ఏ వేళకు తెగింది. మూసీ పరీవాహక ప్రాంతంలో వందలాది చిన్న చెరువులున్నాయి. ఆ రెండు రోజుల్లో వాటిలో రెండు వందలకు పైగా గండ్లు పడ్డాయి. పై చెరువు తెగి కింది చెరువు మీద పడటం, ఆ రెండూ కలిసి మూడోదాన్ని తెంచడం. ఊరిని ముంచింది వాన ఒక్కటే కాదు, గొలుసుకట్టుగా తెగిన చెరువులు కూడా.

ఈ లెక్క తేలాక పరిష్కారం తేలికైంది. నది ఊళ్ళోకి రాకముందే పైన రెండు పెద్ద జలాశయాలు కట్టి, వరద వచ్చే వేళకు వాటిలో ఖాళీ ఉండేలా చూడాలి. మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి. అవే గండిపేట ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్. మొదటిది 1920లో పూర్తయింది, రెండోది 1927లో. వరదను ఆపడానికి కట్టినవే తరాల పాటు ఆ నగరానికి మంచినీళ్ళిచ్చాయి.

ఆ రెండు తేదీలు మళ్ళీ చూడండి. రిపోర్టు రాసింది ఆయన, కట్టింది వేరేవాళ్ళు. తను వెళ్ళిపోయాక పదేళ్ళకు ఇంకొకరు కట్టగలిగేంత వివరంగా కాగితం రాసిపెట్టడం కూడా నిర్మాణమే.

కన్నంబాడి: పైవాళ్ళూ, కిందవాళ్ళూ

1909 చివర్లో మైసూరు చీఫ్ ఇంజనీరుగా వచ్చారు. పదవి ఒప్పుకునే ముందే, సాంకేతిక విద్యకూ పరిశ్రమలకూ ప్రభుత్వం పూనుకుంటుందా అని అడిగి తేల్చుకున్నారు. 1912లో దివాన్ అయ్యారు.

కృష్ణరాజసాగరం సంగతి మనందరికీ తెలుసనుకుంటాం. దాని వెనక ఉన్న అవసరం చాలామందికి తెలియదు. 1902 నుంచి శివసముద్రంలో పుట్టిన కరెంటు కోలారు బంగారు గనులకు వెళ్తోంది. వేసవిలో కావేరి సన్నబడితే కరెంటు తగ్గుతుంది, గనుల పని దెబ్బతింటుంది. ఏడాది పొడవునా సమంగా నీరు వదలాలంటే పైన జలాశయం కావాలి. అదే జలాశయం మండ్య వైపు మెట్టపొలాలకు కాలువ నీళ్ళు కూడా ఇస్తుంది. ఒక ఖర్చుకు రెండు ఆదాయాలు. ఖజానా వాళ్ళు జంకితే ఆయన ఈ లెక్క చూపించే మహారాజా నాల్వడి కృష్ణరాజ ఒడెయరు గారిని ఒప్పించారు. 1911 నవంబరులో పని మొదలైంది. సిమెంటు బదులు సున్నం, ఇటుకపొడి కలిపిన సుర్ఖీతో కట్టిన కట్ట అది. పూర్తి మట్టం 124.80 అడుగులు, నిల్వ 49 టీఎంసీల పైచిలుకు. ఆ మట్టం ఎంత ఉందని కర్ణాటక పత్రికల్లో జనం ఇవాళ్టికీ వెతుక్కుంటారు.

ఇక్కడిదాకా చప్పట్లు కొట్టే కథ. ఇప్పుడు మన సంఘంలోనే రెండు పక్షాలయ్యే కథ.

మన సభ్యుల్లో మండ్య వాళ్ళున్నారు, తంజావూరు వాళ్ళూ ఉన్నారు. నాయకరాజుల కాలం నుంచి కావేరి డెల్టాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పైన కట్ట కడుతుంటే కింద డెల్టా భయపడటం సహజం. కల్లణై నీటి మీద ఆధారపడ్డ పొలాలు అవి. 1892 ఒప్పందం ప్రకారం కావేరి మీద కొత్త కట్టడానికి మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోవాలి. మద్రాసు తక్కువ ఎత్తుకే ఒప్పుకుంది. మైసూరు మాత్రం పునాదులు పూర్తి ఎత్తుకు సరిపడా వేసింది, రేపు అనుమతి వస్తుందన్న నమ్మకంతో. 1914లో మధ్యవర్తి గ్రిఫిన్ తీర్పు మైసూరుకు అనుకూలంగా వచ్చింది. మద్రాసు ఊరుకోలేదు, లండన్ దాకా వెళ్ళింది. చివరికి 1924 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. దానితోనే మైసూరు తన కట్ట పూర్తి చేసుకుంది, మద్రాసు మెట్టూరులో తన కట్ట కట్టుకుంది. మెట్టూరు 1934లో పూర్తయింది. అది కృష్ణరాజసాగరం కన్నా దాదాపు రెట్టింపు నీరు పట్టేది.

ఇందులో ఎవరిది ధర్మం? నన్నడిగితే, ఇద్దరిదీ. పైవాడికి తన ఊళ్ళో పడ్డ వాన మీద ఆశ ఉంటుంది. కిందివాడికి తరాలుగా వస్తున్న నీటి మీద హక్కు ఉంటుంది. గోదావరి చివర కూర్చున్న మన యానాం సభ్యులకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నీరా కాలువ మీద మొదటి ఊళ్ళకూ చివరి ఊళ్ళకూ పంపకం కుదిర్చిన మనిషే, కావేరి మీద మొదటి ఊరి పక్షాన నిలబడాల్సి వచ్చింది. ఆయన తన ప్రభుత్వానికి నిజాయితీగా పనిచేశారు. కానీ నది పంపకం ఒక ఇంజనీరు బుర్రతో తేలేది కాదు. రెండు వైపులా కూర్చుని మాట్లాడుకుంటేనే తేలింది. ఆ 1924 ఒప్పందంలో పునఃపరిశీలనకు పెట్టిన 50 ఏళ్ళ గడువు దాటాక మళ్ళీ గొడవలు, 1990లో ట్రిబ్యునలు, 2018లో సుప్రీంకోర్టు తీర్పు. ఈ మధ్యకాలంలో వీధుల్లో బస్సులు తగలబడ్డ రోజులూ చూశాం.

ఇంకో సంగతి కూడా మరవకూడదు. ఆ నీటి కింద పాత కన్నంబాడి ఊరు మునిగింది. వేణుగోపాలస్వామి గుడి మునిగింది. ఎండాకాలంలో నీరు తగ్గితే ఆ గుడి బయటపడేది. తర్వాత రాళ్ళు తీసి పైన కొత్త చోట కట్టారు. గుడికైతే రాళ్ళకు నంబర్లేసి మార్చవచ్చు. ఊరు వదిలిన కుటుంబాలకు ఆ సౌకర్యం లేదు.

దివాన్‌గిరీ, రాజీనామా

దివాన్‌గా ఆయన ఉన్న ఆరేళ్ళలో మైసూరు బ్యాంకు (1913), మైసూరు విశ్వవిద్యాలయం (1916) వచ్చాయి. 1915లో బెంగళూరులో కన్నడ సాహిత్య పరిషత్తు వెలసింది. ఈ చివరిది మన సంఘం వాళ్ళు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబంలో పుట్టిన దివాన్ హయాంలో, రాజ్యం అండతో, కన్నడానికి ఒక నిలువెత్తు సంస్థ ఏర్పడింది. ఆయన దాన్ని ప్రోత్సహించారు. ఉన్న నేల భాష పెరిగితే తన ఇంటి భాష తరుగుతుందని ఆయన అనుకోలేదు.

1918లో రాజీనామా చేశారు. కారణం దాచిపెట్టి రాసే వ్యాసాలు చాలా చూశాను. కాబట్టి చెబుతాను. ప్రభుత్వోద్యోగాల్లో వెనకబడిన వర్గాలకు తగిన వాటా కావాలని మైసూరులో ఆందోళన వచ్చింది. మహారాజా గారు మిల్లర్ కమిటీని వేశారు. అర్హత ఒక్కటే కొలమానంగా ఉండాలన్నది విశ్వేశ్వరయ్య గారి పట్టు. మహారాజు ఒప్పుకోలేదు, ఈయన తగ్గలేదు, పదవి వదిలేశారు. ఈ విషయంలో కాలం మహారాజు పక్షాన నిలిచిందని నా అభిప్రాయం. చివరి ఊరికి నీళ్ళు దానంతట అవి అందవని, పంపకం ఏర్పాటు చేస్తేనే అందుతాయని నీరా కాలువ మీద కనిపెట్టింది ఆయనే. చదువు, ఉద్యోగాల కాలువకూ అదే సూత్రం వర్తిస్తుందని ఆయన ఒప్పుకోలేదు. పెద్దమనిషిని గౌరవించడానికి ఈ మాట దాచాల్సిన అవసరం లేదు. ఒప్పుకోలేని చోట కుర్చీ పట్టుకుని వేలాడకపోవడం కూడా ఆయనలోని గుణమే.

పదవి లేని నలభై ఏళ్ళు

రాజీనామాతో ఆగిపోలేదు. 1923లో భద్రావతి ఇనుప కర్మాగారం నష్టాల్లో నడుస్తుంటే బోర్డు అధ్యక్షుడిగా వెళ్ళి, 1929 దాకా ఉండి గాడిలో పెట్టారు. 1934లో భారతదేశానికి ప్రణాళికాబద్ధమైన ఆర్థిక విధానం కావాలని పుస్తకం రాశారు. అప్పటికి ప్రణాళికా సంఘం అన్న మాటే లేదు.

1930ల చివర్లో ఒడిశా ప్రభుత్వం కోరితే మహానది డెల్టా వరదలు పరిశీలించి, నదిపైన జలాశయాలు కట్టే సంగతి పరిశోధించమన్నారు. మూసీ మీద చెప్పిన సూత్రమే. తర్వాత ఖోస్లా గారి నాయకత్వంలో సర్వేలు జరిగి హిరాకుడ్ వచ్చింది. నెహ్రూ గారు దాన్ని 1957లో ప్రారంభించారు. సంబల్‌పూర్ వైపు ఉన్న మన సభ్యులు ఆ కట్ట మీద నిలబడినప్పుడు ఈ తీగ ఎక్కడిదాకా పాకిందో గుర్తుచేసుకోండి. అక్కడా ఊళ్ళు మునిగాయి, లక్షకు పైగా జనం కదిలారు. అదీ గుర్తుచేసుకోండి.

తొంభై దాటాక, బీహారులో గంగ మీద వంతెన ఎక్కడ కట్టాలన్న తగాదా తీర్చడానికి కేంద్రం ఆయన్నే అడిగింది. స్థలాలు చూసి మొకామా దగ్గర కట్టమన్నారు. ఆ రాజేంద్ర సేతు 1959లో తెరిచారు. 1955లో భారతరత్న. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్ళు నిండిన మనిషి, వెళ్ళిపోయారు.

మరి మనకు మిగిలిందేమిటి?

వరసగా పెట్టి చూస్తే ఒకటే కనిపిస్తుంది. గండిపేట పూర్తయ్యేనాటికి ఆయన హైదరాబాదులో లేరు. కృష్ణరాజసాగరం పూర్తయిన 1930ల ఆరంభానికి ఆయన దివాన్ కాదు. హిరాకుడ్ ఇంకొకరి చేతి మీదుగా లేచింది. ఆయన మొదలుపెట్టించిన పెద్ద పనులు చాలావరకు ఇతరుల చేతుల్లో పూర్తయ్యాయి. అలా పూర్తయ్యేలా కొలతలు, అంచనాలు, నిబంధనలు రాసిపెట్టడమే ఆయన నాయకత్వం. మన సంఘాల్లో కల్యాణమండపం పునాదిరాయి వేసిన కమిటీ మారగానే ప్లానూ లెక్కలూ మాయమైపోవడం ఎన్నిసార్లు చూశాం? ఆయన పటానికి దండ వేసే ముందు ఆ ఒక్క అలవాటు నేర్చుకుంటే చాలు.

రెండో మాట. పేరు చీఫ్ ఇంజనీరుకు వస్తుంది. రాయి ఎత్తినవాడికి రాదు. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రల్లో తరతరాలుగా చెరువులు తవ్వి, రాళ్ళు కొట్టి, కట్టలు పోసిన ఒడ్డెర కుటుంబాల ఇళ్ళలో నేటికీ తెలుగే. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి కోలారు గనులకు దిగిన కూలీల సంతతీ మనవాళ్ళే. మోక్షగుండం వారి పేరు మీద మనం ఎంత గర్వపడతామో, వాళ్ళ పేర్ల మీదా అంతే గర్వపడాలి. కానీ ఆ పేర్లు మన దగ్గర రాసి లేవు.

అందుకే ఒక విన్నపం. ఈ సెప్టెంబరు 15కి ప్రతి శాఖ ఒక చిన్న పుస్తకం మొదలుపెట్టండి. మీ ఇళ్ళలో కాలువలు, కట్టలు, రైలుమార్గాలు, గనులు, రేవుల్లో పనిచేసిన పెద్దలెవరైనా ఉంటే, ఇంజనీరైనా మేస్త్రీ అయినా కూలీ అయినా, పేరు, ఊరు, చేసిన పని, ఏ సంవత్సరాల్లో అన్నది నాలుగు లైన్లు రాయించండి. పాత ఫొటో, జీతం చీటీ, ఉత్తరం ఏది దొరికినా ఫొటో తీసి పెట్టండి. ముంపులో ఊరు పోగొట్టుకున్నవాళ్ళుంటే వాళ్ళ మాటా రాయండి.

మండ్య సభ్యులూ, తంజావూరు సభ్యులూ, కావేరి గురించి కింద కామెంట్లలో రాయాలనుకుంటే తప్పకుండా రాయండి. ఒక్క షరతు: అవతలి ఊరి పొలానికి నీరు ఎప్పుడు కావాలో ముందు తెలుసుకుని రాయండి. నీరా రైతులతో ఆయన ఊరూరా కూర్చుని మాట్లాడింది దాని గురించే.